ఎర్ర సున్నా చుట్టిన ఇల్లు

జపాన్‌లో కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో డంకన్ అనే స్కాట్లండ్ దేశస్థుడు ఉండేవాడు. ఎవరు గొంతు తగ్గించి మాట్లాడినా అది తన గురించేనని అనుకోవడం అతని బలహీనత.

అతను పాత పియానోలు బాగుచేసేవాడు. ఆ ఊరికి వచ్చి మూడేళ్లయింది. జపనీస్ మాట్లాడటం కాస్త వచ్చు, చదవడం రాదు. ఎక్కడైనా తన పేరు రాసి ఉంటే గుర్తుపట్టేవాడు, అంతే. ఆ ఊళ్లో మనుషులు ఎదురుపడితే "ఎక్కడికి బయలుదేరారు?" అని అడగడం మర్యాద. జవాబు కోసం ఎవరూ ఆగరు. డంకన్‌కి మాత్రం అది ఆరా తీసినట్టు ఉండేది. ఒకసారి సీసాలు వేరుచేయకుండా బయటపెట్టిన చెత్తసంచి తిరిగి అతని గుమ్మం ముందుకే వచ్చింది. "నా చెత్త కూడా వెతుకుతున్నారన్నమాట" అనుకుని, మర్నాడే కిటికీలకు దళసరి తెరలు కట్టాడు.

పక్కింట్లో కికునో అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు. డంకన్ పెరట్లోని పెర్సిమన్ చెట్టు ఆమె వైపు వాలి ఉండేది. ఏటా ఆకురాలే కాలంలో ఆమె ఆ నారింజరంగు పండ్లు కోసి, తొక్క తీసి, చూరుకు వేలాడగట్టి ఎండబెట్టేది. సగం డంకన్‌కే ఇచ్చేది. ఆమెకు తనమీద ఇంత ఆదరం దేనికో అని అతనికి అప్పుడప్పుడూ అనిపించేది.

ఆ ఊళ్లో ఏదైనా సంగతి తెలియజేయాలంటే, పిల్లలు పరీక్షలకు పట్టుకెళ్లేలాంటి అట్టకు కాగితం తగిలించి ఇంటింటికీ పంపేవారు. చదివినవాళ్లు ముద్ర వేసి పక్కింటికి అందించాలి. డంకన్ ఇంటి తర్వాత కికునో ఇల్లు.

అక్టోబరులో ఒక శనివారం డంకన్ తెర తొలగించి చూస్తే, పెరట్లో ముగ్గురు మనుషులు కనిపించారు. ఒకతను ఒకుదైరా, ఆ పేటకు పెద్ద. వాళ్లు వంగి నేల చూస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు, గుసగుసలాడుకుంటున్నారు. వెళ్లిపోయినవాళ్లు మధ్యాహ్నం అట్ట పట్టుకుని తిరిగొచ్చి వీధి గంట మోగించారు. డంకన్ ఊపిరి బిగబట్టి తలుపు వెనక నిలబడ్డాడు.

"డంకన్ సాన్, ఉన్నారా?" అని ఒకుదైరా పిలిచాడు. సాన్ అంటే మన గారు లాంటిది.

డంకన్ పలకలేదు. వాళ్లు రెండుసార్లు పిలిచి, పక్కింటి తలుపూ తట్టారు. కికునో ఆ రోజు చెల్లెలి ఇంటికి వెళ్లింది. చివరికి అట్టను డంకన్ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయారు.

అతను దాన్ని లోపలికి తెచ్చి చూశాడు. కాగితం మీద వీధి పటం గీసి ఉంది. అందులో ఒక్క ఇంటికే ఎర్ర సున్నా చుట్టి ఉంది. అది తన ఇల్లే! కింద తన పేరు రెండుచోట్ల ఉంది.

"ఇన్నాళ్లూ ఊరికే అనుమానపడుతున్నానేమో అనుకున్నాను. ఇదిగో, రుజువు!" అన్నాడు పైకే. సోమవారం పట్నం వెళ్లి, తెలిసినవాళ్లతో చదివించుకుందామని అట్టను బీరువాలో దాచాడు. సాయంత్రం ఊరి మైకులో ఏదో ప్రకటన వినిపించింది. అతనికి "జాగ్రత్త" అన్న ఒక్క మాటే అర్థమైంది. వాళ్లు జాగ్రత్తపడమంటున్నది తన విషయంలోనే అనుకున్నాడు.

పొద్దుగూకే వేళ కికునో తిరిగొచ్చి కంచె మీదుగా పలకరించింది.

"డంకన్ సాన్! ఈ వారం అట్ట నాకింకా రాలేదు. మీ ఇంటికి వచ్చిందా?"

ఈవిడనూ వాళ్లే పంపారు కాబోలు అనుకున్నాడతను. "రాలేదు" అని గట్టిగా చెప్పాడు.

"అలాగా. మన చెట్టు పండ్లు బాగా పండాయి. పొద్దున్నే కోస్తాను" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారుతుండగా పెరట్లోంచి కేక వినిపించింది. డంకన్ కిటికీ తెరిచాడు. చెట్టు కింద నిచ్చెన పడి ఉంది. దాని పక్కనే కికునో పడి ఉంది. ఆమెకు నాలుగడుగుల దూరంలో నల్లటి ఎలుగుబంటి వెనకకాళ్ల మీద నిలబడి ఉంది. అతను ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. కిటికీ దగ్గరున్న పియానో మూత తెరిచి, రెండు ముంజేతులతో మెట్ల మీద బలంకొద్దీ బాదాడు, అరిచాడు, మళ్లీ బాదాడు. ఆ మోతకు ఎలుగుబంటి బెదిరి కొండ వైపు పరుగెత్తింది.

కికునో కాలు విరిగింది. భుజం గోళ్లకు చీరుకుపోయింది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాక జనం డంకన్ చుట్టూ చేరి తలలు వంచి కృతజ్ఞతలు చెప్పారు. ఒకుదైరా కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పు నాదే. మీరు ఇంట్లో లేరనుకుని అట్టను మీ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాను. మైకు ఆమెకు వినపడదని తెలుసు. అట్ట అందుతుందిలే అని ఊరుకున్నాను. నేను మళ్లీ వచ్చి చెప్పాల్సింది."

డంకన్ వాళ్ల ముఖాల్లోకి చూశాడు. ఒక్కరూ అతన్ని అనుమానించడం లేదు. నోరు మూసుకుంటే చాలు, అట్ట దాచిన విషయం ఎప్పటికీ బయటపడదు. అతను లోపలికి వెళ్లి అట్ట తెచ్చి ఒకుదైరా చేతికిచ్చాడు. "దీన్ని దాచింది నేనే. ఇందులో ఏముంది?" అన్నాడు.

ఒకుదైరా తడబడుతూ చదివాడు. "డంకన్ సాన్ ఇంటి వెనక చెట్టు దగ్గర ఎలుగుబంటి అడుగులు కనిపించాయి. ఎవరూ అటు వెళ్లవద్దు. డంకన్ సాన్‌కి చదవడం రాదు. ఇరుగుపొరుగువారు దయచేసి ఆయనకు విడమరచి చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం డంకన్ ఆసుపత్రికి వెళ్లి, కికునో మంచం పక్కన నిలబడి, ఆమెకు వినపడేలా అంతా చెప్పాడు.

"నేను అడిగినప్పుడు అది మీ దగ్గరే ఉందా?" అంది ఆమె.

"ఉంది."

"భయం వేస్తే భయం వేసిందని చెప్పొచ్చుగా. నేను చదివి పెట్టేదాన్ని" అని గోడ వైపు తిరిగిపోయింది.

మర్నాడూ వెళ్లాడు. ఆమె పలకలేదు. మూడోనాడూ అంతే. నాలుగోనాడు మాత్రం, "ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చోండి" అంది. అతను కూర్చున్నాడు. ఆమె కాలు అతికింది గానీ, మళ్లీ ఎన్నడూ నిచ్చెన ఎక్కలేకపోయింది.

అర్థం కానిదాన్ని అడిగి తెలుసుకోవాలి తప్ప అనుమానించి దాచుకోకూడదు. మన అనుమానానికి శిక్ష ఏ తప్పూ చేయనివాళ్లు అనుభవించాల్సి వస్తుంది.