సుంకులమ్మ అరచెయ్యి

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చేతులెత్తండి. సగం కథలో ఎత్తితే ఊరుకునేది లేదు. ఇది ఆదోని కుస్తీ తాలీంఖానాలో జరిగిన సంగతి. అబద్ధం వినబడితే అక్కడి గోడలు పెచ్చులు రాలుస్తాయి. ఈ కథ ఆ గోడల మధ్య నూటపదహారు సార్లు చెప్పాం, చిటికెడు సున్నం కూడా రాలలేదు.

ఆ తాలీంఖానాకు ఉస్తాద్ హుసేన్ పీరా. కుస్తీ నేర్పడం ఆయనకు ఎడమచేతి పని. అసలు విద్య మాలీషు. ఒకసారి బళ్లారి పహిల్వానుకు నడుము పట్టేసిందని నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. ఉస్తాద్ చెయ్యి వేశాడు. సాయంత్రానికి ఆ పహిల్వాను నలుగురినీ అదే మంచం మీద కూర్చోబెట్టి, తానొక్కడే మోసుకుంటూ బళ్లారి పోయాడు. ఆలూరులో ఆగి టీ కూడా తాగాడు, మంచం దించకుండా.

అలాంటి ఉస్తాద్ దగ్గర ఏడేళ్లు మాలీషు నేర్చినవాడు గిడ్డయ్య. పేరుకే గిడ్డ. గుమ్మంలో వంగి, పక్కకు తిరిగితే తప్ప లోపలికి పట్టడు. వాడి బొటనవేళ్లు నొక్కితే టేకు బల్ల మీద గుంటలు పడేవి. మెడ పట్టేసినవాళ్లు వాడు వీధి మలుపు తిరగడం చూసే మెడ తిప్పేసేవాళ్లు.

ఆ గిడ్డయ్యకు ఒక ఆడమనిషి అరచెయ్యి లొంగలేదు.

ఆమె సుంకులమ్మ. తాలీంఖానా ఎదురుగా జొన్నరొట్టెల పొయ్యి ఆమెది. ఆమె రొట్టె తడితే దాంట్లోంచి అవతలివాడి మొహం కనబడేది, అంత పలచన. గిడ్డయ్య కుస్తీ చేసే రోజుల్లో ఇరవైమూడో రొట్టె దగ్గర "చాలు" అంటే, "ఏం అబ్బీ, ఒంట్లో బాలేదా?" అని చెయ్యి వేసి నుదురు చూసిన మనిషి.

ఒకనాడు పెనం జారింది. రొట్టె పోతుందని కుడి అరచెయ్యి అడ్డం పెట్టింది. కాలిన పుండు ఆసుపత్రిలో మానింది గాని, మానిన చోట తోలు బిరుసెక్కి వేళ్లను లోపలికి లాగేసింది. అరచెయ్యి గుప్పిటైపోయింది. కోడలు చపాతీ కర్ర పట్టుకుని జొన్నరొట్టెలు ఒత్తింది. కర్రతో, జొన్నరొట్టె! బజారులో తిరిగే ఆవు కూడా వాసన చూసి, అటు తిరిగి వెళ్లిపోయింది.

"ఉగాది దాకా చూస్తా," అంది సుంకులమ్మ. "చెయ్యి రాకుంటే పొయ్యి ఎత్తేస్తా."

"ఉగాది దాకా ఎందుకక్కా? మూడు రోజుల్లో తెరిపిస్తా చూడు," అన్నాడు గిడ్డయ్య, పదిమంది వింటుండగా.

పట్టేసిన కండను ఎట్లా విడదీస్తాడో, ఆ మచ్చనూ అట్లాగే పట్టాడు. ఆముదం రాసి, బొటనవేళ్లు దించి, ఒంటి బలమంతా పెట్టి నొక్కాడు. మొదటిరోజు మచ్చ ఎర్రబడింది. రెండోరోజు ఉబ్బింది. మూడోరోజు చిట్లి రక్తం వచ్చింది.

సుంకులమ్మ ఆ చెయ్యి కొంగులో దాచుకుని, ఎడమచేత్తో వాడి ముందు రొట్టె పెట్టింది. ఆ తరువాత వాడు ఎప్పుడొచ్చినా ఆ చెయ్యి కొంగులోంచి బయటికి రాలేదు.

గిడ్డయ్యకు ముద్ద దిగలేదు. ఆ దిగని ముద్దలు ఎన్నో లెక్కపెడితే ఆదోని కొండంత. నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయి కూలబడ్డాడు.

"ఉస్తాద్, మచ్చను విడదీసే పట్టు ఏదో మీరు నాకు దాచిపెట్టినారు."

"అరే, ఏడేళ్లలో నా పళ్లు కూడా దాచుకోలేకపోయినా కదరా," అని బోసినోరు తెరిచి చూపించాడు ఉస్తాద్.

"నవ్వకండి ఉస్తాద్. నా బలం చాలలేదు. ఇంకా ఎంత బలం పెట్టాల్నో చెప్పండి."

"పొద్దున గోదాకు రా, బేటా. నీకు నేనే మాలీషు చేస్తా."

ఉస్తాద్ చేతి మాలీషు! దానికోసం పెద్ద పెద్ద పహిల్వాన్లు ఏడాది ఎదురుచూసేవాళ్లు. కోడి కూయకముందే గిడ్డయ్య వచ్చేశాడు. గోదా అంచున వంగి, ఎర్రమట్టిని వేళ్లతో తాకి, కళ్లకద్దుకుని, కుడికాలు లోపల పెట్టి బోర్లా పడుకున్నాడు.

ఎనభై దాటిన చేతులు భుజాల మీద పడ్డాయి. వెన్ను మీదికి పాకాయి. గిడ్డయ్య పెట్టిన గురకకు రైల్వేస్టేషనులో జనం బండి వచ్చిందనుకుని మూటలెత్తుకున్నారు.

అప్పుడు ఉస్తాద్ బొటనవేలు ఉన్నట్టుండి ఎడమ డొక్క మీద దిగింది.

అక్కడొక మచ్చ ఉంది. పదేళ్లప్పుడు ఎద్దు కొమ్ము దిగిన చోటు. ముప్ఫై ఏళ్లుగా దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు గిడ్డయ్య. స్నానం చేసేటప్పుడు తన చెయ్యి కూడా దాన్ని తప్పించుకునే పోయేది. అది వాడికే తెలియదు.

వాడు ఒక్క ఎగురు ఎగిరి లేచాడు. గోదా మట్టి తాలీంఖానా కప్పుకు అంటుకుంది. చూసుకునేసరికి ఉస్తాద్ మణికట్టు వాడి పిడికిట్లో ఉంది.

గురువు చెయ్యి! గోదాలో గురువు మీదికి చెయ్యెత్తినవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కకూడదు. గిడ్డయ్య చెయ్యి వదిలేసి మోకాళ్ల మీద పడ్డాడు.

"నేను కాదు ఉస్తాద్... నాకు తెలీకుండానే..."

"తెలుసు బేటా. నువ్వు కాదు." ఉస్తాద్ మణికట్టు రుద్దుకుంటూ నవ్వాడు. "గోదాలో దిగేముందు ఏం చేసినావు?"

"మట్టికి మొక్కినా."

"ఎందుకు?"

"సెలవు అడగాల కదా ఉస్తాద్. అడక్కుండా ఎట్లా దిగేది?"

"మట్టిని అడుగుతావు," అన్నాడు ఉస్తాద్.

అంతే. తువ్వాలుతో చేతులు తుడుచుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

గిడ్డయ్య అక్కడే కూర్చున్నాడు. ఎండ గోదాలోకి వచ్చి, మళ్లీ బయటికి పోయేదాకా కూర్చున్నాడు.

సాయంత్రం సుంకులమ్మ పొయ్యి దగ్గరికి పోయాడు. ఆముదం సీసా లేదు. ఆమె పక్కన చాప మీద కూర్చుని, కొంగు కింద చెయ్యి ఉన్న చోటికి ఎదురుగా నేలను తాకి, కళ్లకద్దుకున్నాడు. తన అరచెయ్యి వెల్లకిలా చాపి చాప మీద పెట్టాడు.

"ఏంది అబ్బీ ఇది? నా చెయ్యేమన్నా గోదా అనుకున్నావా?"

"నువ్వు సెలవిస్తేనే అక్కా. లేకుంటే రొట్టె తిని పోతా."

ఆ రోజు రొట్టె తిని పోయాడు. మర్నాడూ అంతే. ఆ కర్ర రొట్టెలను పదకొండు రోజులు మారుమాట్లాడకుండా తిన్నాడు. ఇంతవరకు వాడు చేసిన సాహసాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

పన్నెండోనాడు కొంగు కదిలింది. సుంకులమ్మ మొహం పొయ్యి వైపు తిప్పుకుని, గుప్పిటను తెచ్చి వాడి అరచేతిలో పెట్టింది. గిడ్డయ్య నొక్కలేదు. టేకు బల్లకు గుంటలు పెట్టే బొటనవేలు ఆ మచ్చ మీద ఈగ వాలినంత తేలిగ్గా ఆనింది. పెనం మీద రొట్టె మాడి పొగలొచ్చినా ఇద్దరూ కదల్లేదు. కోడలే వచ్చి తీసింది.

నాలుగు రోజుల్లో చెయ్యి తెరుచుకుందని ఆదోనిలో చెప్పుకుంటారు. నమ్మకండి. నేను ఈ కథలో కొన్నిచోట్ల కాస్త నోరు జారి ఉంటాను గాని, ఇక్కడ మాత్రం ఒక్క రోజు అటూ ఇటూ చేయను. నాలుగు నెలలు పట్టింది. రోజూ నేలకు మొక్కడం, అడగడం, ఆమె ఊఁ అన్నాకే మచ్చ మీద వేలు. వద్దన్న రోజు ఊరికే కూర్చోవడం. ఒక్కో వేలూ దానికి బుద్ధి పుట్టినప్పుడు లేచింది.

ఉగాది ముందురోజు పొద్దున, తాలీంఖానాలో కుస్తీ ఆగిపోయింది. ఎదురింటి నుంచి చప్పుడు వస్తోంది. తప్, తప్, తప్, తప్. అరచెయ్యి పిండిని తట్టే చప్పుడు.

గిడ్డయ్య మొదటి రొట్టె తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు. అంచు ఒకపక్క మందంగా ఉంది.

"తెరిపించినావన్నమాట," అన్నాడు ఉస్తాద్.

"లేదు ఉస్తాద్. అక్కే తెరిచింది. నేను పక్కన కూర్చున్నా."

ఉస్తాద్ రొట్టెను రెండుగా తుంచి పెద్ద ముక్క వాడికిచ్చాడు. తినడం అయ్యాక గిడ్డయ్య గోదాలోకి దిగి, చొక్కా తీసి, ఎడమ డొక్క పైకి వచ్చేట్టు పడుకున్నాడు.

"ఉస్తాద్... ఇప్పుడు పెట్టండి చెయ్యి."

ఎనభై దాటిన ఆ ముసలాయన గోడ పట్టుకుని మెల్లగా వంగాడు. శిష్యుడి పక్కన మట్టిని వేళ్లతో తాకి, కళ్లకద్దుకున్నాడు. ఆ తరువాతే చెయ్యి వేశాడు.

ఇంకా అనుమానం ఉన్నవాళ్లు ఆదోనికి పోండి. తాలీంఖానా ఎదురుగా ఆగండి. ఆ పొయ్యి ఇప్పటికీ ఎత్తలేదు. చెయ్యి చూపించమని మాత్రం అడక్కండి, ఆమెకు నచ్చితే తనే చూపిస్తుంది. రొట్టె అడిగి, చప్పుడు వినండి. సాక్షి పేరు సుంకులమ్మ.