మస్తానమ్మ కంటి పరీక్ష

'వైరస్ ఉంది' అన్న రిపోర్టు మీద ఆచార్య వేదవల్లి చూసిన వెంటనే సంతకం పెట్టేవారు. 'లేదు' అన్నదాన్ని మాత్రం బల్ల మీద ఉంచి మరో పని చూసుకునేవారు. ఆమె దగ్గర వైరస్ పరీక్షలు నేర్చుకుంటున్న జకరయ్య ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"లేదని రాయడానికి ఎందుకు మేడమ్ అంత వెనకాడతారు?"

ఆమె చేతిలోని రిపోర్టును మళ్లీ బల్ల మీదే పెట్టారు.

ఆ వారంలోనే కంటి ఆసుపత్రి నుంచి మస్తానమ్మ అనే ఆవిడను పంపారు. జాకెట్లకు మగ్గం పని చేసి బతికే మనిషి. కుడికన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతోంది. హెర్పిస్ వైరస్ లేదని తేలితే డాక్టరు ఆ పూటే స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెడతారు. వైరస్ ఉండగా ఆ చుక్కలు పడితే చూపే పోవచ్చు.

జకరయ్య ఉదయం తొమ్మిదింటికి ఆమె కంటినుంచి తీసిన నమూనాను రెండు గిన్నెల్లో పెంచిన కణాల మీద వేశాడు. వైరస్ ఉంటే ఆ కణాల్లో చేరి పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు రెండు గిన్నెలూ వెచ్చటి పెట్టెలోంచి బయటికి తీశాడు. ఒకదానికి, వైరస్ పైతొడుగు ప్రొటీన్‌కు మాత్రమే అంటుకుని మెరిసే రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒక్క కణమూ మెరవలేదు.

వరండాలో మస్తానమ్మ కొంగు కంటికి అడ్డం పెట్టుకుని కూర్చునుంది. "ఏమన్నా తేలిందా బాబూ? పెళ్లివాళ్ల జాకెట్లు ఆగిపోయినయ్యి," అంది. ఆమెను ఇంకా కూర్చోబెట్టడానికి అతనికి మనసొప్పలేదు. 'వైరస్ లేదు' అని రాసి తెచ్చాడు.

వేదవల్లి చదివి పక్కన పెట్టారు. రెండో గిన్నె తెప్పించి దానికి వేరే రంగు పట్టించమన్నారు. కణంలో చొరబడ్డ వైరస్ అన్నిటికన్నా ముందు, ఆ కణాన్ని తన చెప్పుచేతల్లోకి తెచ్చుకునే ప్రొటీన్లు చేయించుకుంటుంది. నకళ్లు తీసుకునే సరంజామా ఆ తర్వాత. పైతొడుగు ఆఖరున, ఇంకొన్ని గంటలు గడిచాక. ఈ రంగు ఆ మొదటి ప్రొటీన్లకు అంటుకునేది.

జకరయ్య కన్ను ఆనించాడు. అక్కడొకటి, ఇక్కడొకటి, కణాల లోపల కేంద్రకాలు పచ్చగా మెరుస్తున్నాయి. లెక్కపెట్టబోయి మానేశాడు.

వైరస్ ఉందని డాక్టరుకు ఫోన్ చేసి, మస్తానమ్మ దగ్గరికి తానే వెళ్లి డాక్టరు వైరస్‌కు వేరే మందు రాస్తారని చెప్పి, తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"నేను చూసింది తప్పా మేడమ్?"

"చూసింది నిజమే. రెండు గంటలకు తొడుగు లేదు," అన్నారామె, కాగితం అతని వైపు జరుపుతూ. "మరి ఇందులో 'రెండు గంటలకు' అన్న మాట ఏదీ?"