మాచన గోడ, మహారాజు కడుపుమంట

ఏ రాజ్యమని మాత్రం అడగకండి, పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు. ఒకానొక రాజ్యమనుకుంటే చాలు. దాన్ని కీర్తిధవళుడనే మహారాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. ఆకలని వచ్చినవాడికి అన్నం పెట్టించేవాడు, తగవని వచ్చినవాడికి తీర్పు చెప్పేవాడు. ఒక్కటే బలహీనత. లోకంలో ఎవరు దేన్ని మెచ్చుకున్నా, ఆ మెచ్చుకున్నది తనదై ఉండాలి.

ఆయన మేడ తెల్లనిది. మామూలు తెలుపు కాదు. ఆల్చిప్పలు కాల్చిన సున్నాన్ని మెత్తగా నూరించి, గోడలకు పట్టించి, నున్నటి రాళ్ళతో మెరుగు పెట్టించాడు. మిట్టమధ్యాహ్నం దాని వంక చూస్తే కళ్ళు నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు ఆనందబాష్పాలని మహారాజు గట్టిగా నమ్మేవాడు.

రాజవీధిలో ఆ మేడకు సరిగ్గా ఎదురుగా మాచన ఇల్లు కట్టుకున్నాడు. మాచన ఆస్థానంలో చమత్కారానికి పేరుపడ్డవాడు. ఇల్లు కట్టించింది మాచనే గాని, గోడల సంగతంతా అతని భార్య తిప్పమ చూసుకుంది. "ఏమండీ, ఈ ఊళ్ళో ఎటు చూసినా ఎర్రదుమ్మే. మనమూ సున్నం వేస్తే పట్టుమని వారం తిరక్కుండా మాసిన పంచెలా అవుతుంది. మట్టి రంగే వేద్దాం" అంది.

వేసింది కూడా ఎంత ముచ్చటగా వేసిందని! వాన చినుకు చిందినా మరక కనపడకుండా నేల దగ్గర ముదురు వక్క రంగు. నడుమ బెల్లం రంగు. చూరు నీడ పడే చోట చీకటిగా ఉండకుండా లేత గోధుమ రంగు. తలుపులకు నూనె పట్టించి తేనె రంగు తేల్చింది. కిటికీల చుట్టూ సన్నటి తెల్లగీత గీసింది. అరుగు పక్కన పచ్చటి చిక్కుడు పాదు పాకించింది. అన్నీ మట్టిలోంచి వచ్చిన రంగులే కావడంతో ఒకదాని పక్కన ఒకటి అక్కచెల్లెళ్ళలా ఒదిగిపోయాయి.

అన్ని రోజులూ మహారాజు ఆ ఇంటిని పట్టించుకోలేదు. పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చిన రోజున పట్టించుకోవలసి వచ్చింది.

ఆ రోజు మహారాజు పూలదండ పట్టుకుని స్వయంగా మేడ గుమ్మంలో నిలబడ్డాడు. పల్లకీ ఆగింది. రాయబారి దిగాడు. దిగినవాడు దిగినట్టే మహారాజుకు వీపు పెట్టి, ఎదురింటి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆహా! ఎవరిదండీ ఆ ఇల్లు? చూస్తుంటేనే కళ్ళకు చల్లగా ఉంది" అన్నాడు.

మహారాజు చేతుల్లో దండ అలాగే ఉంది. అడగకూడదు అడగకూడదు అనుకుంటూనే, "మరి మా మేడ?" అని అడిగేశాడు.

రాయబారి తల తిప్పి, కళ్ళు చికిలించి, "ఆఁ, ఇదీ తెల్లగా ఉంది" అన్నాడు.

ఇదీ తెల్లగా ఉందట! ఆ మధ్యాహ్నం మహారాజుకు ముద్ద దిగలేదు. పళ్ళెంలో బెల్లం పరమాన్నం వడ్డిస్తే, ఆ రంగు చూడగానే ఒళ్ళు మండి పక్కకు నెట్టేశాడు. "వంట కుదరలేదా?" అని మహారాణి అడిగితే, "ఎదురింటి వాళ్ళకు కుదిరినట్టు మనకెక్కడ కుదురుతుంది!" అన్నాడు. ఆవిడకు ముక్క అర్థం కాలేదు.

మాచన ఇంటి వైపున్న కిటికీ మూయించాడు. కాసేపటికి తనే వెళ్ళి ఓరగా తెరిచాడు. అప్పుడు తిప్పమ గోడ దగ్గర కూర్చుని, పెచ్చు లేచిన చోట తడిమట్టి పూసి, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు అరచేత్తో మెల్లగా సర్దుతోంది. మహారాజు తన మేడ గోడల్ని తలుచుకున్నాడు. పనివాళ్ళు వస్తారు, రాళ్ళతో రుద్దుతారు, పోతారు. వాటిని అలా ముట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అది తలపుకు రాగానే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే, మాచన మీద పట్టరాని అసూయ పుట్టింది.

మర్నాడు నిండుసభలో మహారాజు అడిగాడు. "ఏమోయ్ మాచనా, నీ ఇంటికి వేసింది ఏం రంగు?"

"మట్టి రంగు ప్రభూ."

"మట్టి రంగంటే?"

"వక్క రంగనవచ్చు, బెల్లం రంగనవచ్చు, గోధుమ రంగనవచ్చు. చూసేవాడి ఆకలిని బట్టి ప్రభూ."

సభ నవ్వింది. మహారాజు నవ్వలేదు. "ఇకమీదట అది మా రంగు. మేడకంతా అదే వేయిస్తున్నాం. అయితే రాజుండే మేడకు మట్టి పేరేమిటి, అసహ్యంగా! భట్టుగారూ, ఏదైనా గంభీరమైన పేరు చెప్పండి."

ఆస్థాన పండితుడు వామన భట్టు ఎంతో కాలంగా ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నాడు. దాహమేసినా "జలం" అని తప్ప నీళ్ళని అడగని మనిషి ఆయన. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "కపిశం ప్రభూ! కపిశ వర్ణం! సాక్షాత్తూ దేవభాషా పదం!" అన్నాడు.

"అంటే అర్థం?"

"అర్థమంటే... అదే ప్రభూ, ఈ రంగే!"

మాచన ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా దగ్గాడు.

"భేష్! నేటినుంచి మా మేడ పేరు కపిశ భవనం" అన్నాడు మహారాజు. "రాజవీధిలో ఆ రంగు గోడ మాది ఒక్కటే ఉండాలి. మాచనా, నీ ఇంటికి సున్నం కొట్టేయ్."

మాచన దగ్గు ఠక్కున ఆగిపోయింది. "ప్రభూ, ఆ గోడలంటే మా ఆవిడకు ప్రాణం. తన చేతులతో మెత్తుకుంది. ఆ ఒక్కటీ వదిలేయండి."

ప్రాణమట! ఆ మాట వినేసరికి మహారాజుకు మరింత మండింది. "యుక్తిపరుడివని నీకు పేరుంది కదా! రంగు పూర్తయ్యాక మేడకు ప్రవేశోత్సవం చేస్తాం. ఆనాటికి, ఆ రంగు వద్దని నా నోటితోనే అనిపించు. నీ గోడ నీకే ఉంటుంది. అనిపించలేకపోయావా, ఆ సాయంత్రమే నీ చేత్తో నువ్వే, తిప్పమ చూస్తుండగా సున్నం కొట్టాలి."

మాచన ఒకసారి భట్టు వంక, ఒకసారి మహారాజు వంక చూశాడు. తరువాత చేతులు జోడించాడు. "చిత్తం. ఒక్క మనవి ప్రభూ. ఉత్సవం చాటింపు పని నాకిప్పించండి. ఇంత గొప్ప పేరు ఊరూరా మారుమోగాలి."

పాపం, దారికొచ్చాడనుకున్నాడు మహారాజు. సంతోషంగా సరేనన్నాడు.

మేడకు రంగు మొదలైంది. "ముదురు ఎక్కడ వేయమంటారు, లేత ఎక్కడ వేయమంటారు?" అని పనివాళ్ళు అడిగారు. "ముదురూ లేతా మాచన ఇంటికి! మా మేడ దానిలా ఉందని ఎవరూ అనకూడదు. పునాది నుంచి శిఖరం దాకా ఒక్కటే రంగు!" అని హుంకరించాడు మహారాజు. గీత లేదు, అంచు లేదు, పచ్చటి ఆకు లేదు. పూర్తయ్యాక అది వీధి మధ్య ఎవరో దింపి మరిచిపోయిన పెద్ద బెల్లం దిమ్మలా ఉంది. చూసిన మహారాణి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కళ్ళు చెమర్చి ఉంటాయనుకున్నాడు మహారాజు.

ఈలోగా వీధుల్లో దండోరా మోగింది. "అయ్యలారా, అమ్మలారా! వచ్చే మంగళవారం కపీ...శ భవనం ప్రవేశోత్సవం! అందరూ రావాలహో!"

మేడ మీంచి వింటున్న మహారాజుకు ఆ రాగం తీయడం ఎంతో నచ్చింది. మాచనను పిలిపించి మరీ చెప్పాడు. "బాగుందోయ్! ఇంకా సాగదీసి చెప్పమను."

"తమ ఆజ్ఞ" అన్నాడు మాచన వినయంగా.

మంగళవారం వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నీ రాజవీధిలోకి వచ్చి పడ్డట్టయింది. మహారాజు పట్టుపంచె కట్టి, ఉత్తరీయం కప్పుకుని, గుమ్మంలో నిలబడి చూశాడు. వేలమంది, అందరూ మాచన ఇంటికి వీపు పెట్టి మేడనే చూస్తున్నారు! ఆయన గుండె చల్లబడింది. ఎదురుగా అరుగు మీద తిప్పమ తల వంచుకుని కూర్చుంది. పక్కన సున్నపు తొట్టి, కుంచె సిద్ధంగా ఉన్నాయి. ఆ తొట్టిని చూస్తే మహారాజుకు మనసులో ఎక్కడో చివుక్కుమంది గాని, ఇంత గెలుపులో దాన్ని పట్టించుకునే తీరికెక్కడిది!

జనం దూరంగానే చెప్పులు విడిచారు. చేతులు జోడించారు. కొందరు చెంపలు వేసుకున్నారు. ప్రజలకు తనంటే ఇంత భక్తి ఉందని మహారాజుకు అప్పటిదాకా తెలియదు. అంతలో ఒక ముసలమ్మ గారెల దండ చంకన పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికే వచ్చింది.

"నాయనా, స్వామి ఎటున్నాడు?"

"ఏ స్వామి?"

"ఏ స్వామేమిటి నాయనా! కపీశుడు, మా హనుమంతుడు! ఊరూరా టముకేసి చెప్పారుగా, రాజుగారు గుడి కట్టించారని. ఎంత పుణ్యాత్ముడో, వాళ్ళమ్మ కడుపు చల్లగుండ! నువ్వు పూజారివేనా? ఈ దండ వేసి, ఈ కాయ కాస్త కొట్టిపెట్టు. ఎండెక్కకముందే మా ఊరు పోవాలి."

కొబ్బరికాయ మహారాజు చేతిలోకి వచ్చింది. దండ భుజం మీదికి వచ్చింది. అప్పుడు ఆయన మళ్ళీ చూశాడు. అన్ని వేల దండాల్లో తనకు పెట్టిన దండం ఒక్కటీ లేదు. అన్నీ గోడకే, గోడ వెనక ఉన్నాడనుకుంటున్న దేవుడికే. ఇన్నాళ్ళూ మాచనను చూసి కుళ్ళుకున్నవాడు, ఇప్పుడు హనుమంతుణ్ణి చూసి కుళ్ళుకోవలసి వచ్చింది.

అదే సమయానికి రాయబారి కూడా వచ్చాడు. చెప్పులు విడిచి, మేడ చుట్టూ ప్రదక్షిణం చేసి, చెమట తుడుచుకుంటూ మహారాజు ముందు నిలిచాడు. "ధన్యులు మహారాజా! ఉన్న మేడనే స్వామికి రాసిచ్చేశారని మా రాజ్యమంతా చెప్పుకుంటున్నారు. ఇంతకూ, తమరిప్పుడు ఎక్కడ ఉంటున్నారు?"

"మాచనా!" అని మహారాజు అరిచిన అరుపుకు, బారులో ముందున్న జనం రెండడుగులు వెనక్కి వేశారు.

మాచన కంటే ముందు వామన భట్టు పరుగెత్తుకొచ్చాడు. "ఘోరం ప్రభూ! హ్రస్వం ఉండవలసిన చోట దీర్ఘం తీశారు! కపిశం వేరు, కపీశుడు వేరు! అది పొట్టి 'పి' ప్రభూ, పొడుగు 'పీ' కాదు!"

"భట్టుగారు చెప్పింది అక్షరాలా నిజం" అన్నాడు మాచన, మెల్లగా వచ్చి నిలబడి. "సాగదీయమని తమరు ఆజ్ఞాపించారు గనుక సాగదీశారు. కుదించమంటే ఈ క్షణమే కుదిస్తారు. కాకపోతే ఆ పొట్టి మాటకు అర్థమేమిటో భట్టుగారిని ఒక్కసారి విప్పి చెప్పమనండి."

"చెప్పండి" అన్నాడు మహారాజు.

భట్టు నసిగాడు. "అంటే... కపి అంటే... కోతి ప్రభూ. దాని ఒంటి... ఒంటి మీది రంగు..."

"ఇదీ సంగతి" అన్నాడు మాచన. "సాగదీస్తే హనుమంతులవారి గుడి. కుదిస్తే కోతి రంగు మేడ. గుడి అంటే తమరు పూజారి అవుతారు. కోతి రంగు మేడ అంటే, లోపల ఉండేది ఎవరని జనం అనుకుంటారో, నా నోటితో నేను చెప్పలేను. దండోరావాడు కాచుకుని ఉన్నాడు. ఏమని చెప్పమంటారు ప్రభూ?"

రాయబారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతని భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏమీ చెప్పొద్దు!" అన్నాడు మహారాజు. "ఆ పేరూ వద్దు, ఆ రంగూ వద్దు! నాకొద్దంటే వద్దు!"

మాచన నేలకు వంగి నమస్కరించాడు. ఎదురుగా అరుగు మీద తిప్పమ లేచి నిలబడింది. కుంచె తీసి తొట్టిలో పడేసి, గోడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

తానేమన్నాడో మహారాజుకు అప్పుడు తెలిసొచ్చింది. ఒక చేతిలో కొబ్బరికాయ, భుజాన గారెల దండ, ఎదురుగా తీర్థం కోసం చేతులు చాచిన జనం. ముందు పెదవులు అదిరాయి, తరువాత పొట్ట అదిరింది. చివరికి పడీపడీ నవ్వుతూ గడప మీదే కూలబడ్డాడు. దండలోంచి ఒక గారె తెంపి రాయబారికిచ్చి, ఇంకొకటి తను నోట్లో వేసుకున్నాడు.

"గెలిచావు మాచనా. నీ గోడ జోలికి ఎవరూ రారు. బహుమతి ఏం కావాలో కోరుకో."

"మీ మేడకు మళ్ళీ సున్నం వేయించండి ప్రభూ."

"అదేం కోరిక? నీకేమిటి లాభం?"

"ఎదురుగా ఆ తెలుపు పోయినప్పటి నుంచి మా గోడ వెలవెలబోతోందని ఇంట్లో ఒకటే పోరు. తెల్లటి మేడ చూసి చెదిరిన కళ్ళు మా ఇంటి మీద పడి సేద తీరేవి. ఇప్పుడు ఇటు చూసినా మట్టే, అటు చూసినా మట్టే."

మహారాజు అనుమానంగా చూశాడు. "ఇది పొగడ్తా, నిజమా?"

"మా అరుగు మీద కూర్చుంటే మాకు కనపడేది మా ఇల్లు కాదు కదా ప్రభూ, మీ మేడే!" అన్నాడు మాచన. కాస్త సిగ్గుపడుతూ గొంతు తగ్గించాడు. "పొద్దుటెండ పడి అది తళతళలాడుతుంటే, ఇంత ఇల్లు కట్టుకుని కూడా, మాకెందుకు లేదా అని రోజూ కుళ్ళుకునేవాణ్ణి."

ఆ మాటకు మహారాజు ముఖం పున్నమి చంద్రుడిలా విప్పారింది. కవులు పొగిడినా, రాయబారులు పొగిడినా కలగని సుఖం ఆయనకు ఆ క్షణాన కలిగింది. తన రెండు బంగారు కడియాలూ తీసి మాచన చేతుల్లో పెట్టాడు.

"ఒకటి నీ యుక్తికి" అన్నాడు. "రెండోది నన్ను చూసి కుళ్ళుకున్నందుకు."