అసిరి అడిగిన కొసరు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. కొండకి ఉప్పు గాడిద మీద ఎక్కే రోజులు. ఆ రోజుల్లో అసిరి అని ఒక ఉప్పమ్మి ఉండేది. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల దగ్గర పుట్టింది. ఒక గాడిద, రెండు ఉప్పు గోనెలు, కొలిచే సోల, అంతే ఆవిడ ఆస్తి. ఊరూరా ఉప్పు కొలిచేది, బదులు గింజలు పోయించుకునేది. 'ఉప్పోయ్' అనీ, 'పట్టు' అనీ, 'చాలు' అనీ మూడు మాటలతో బతుకు గడిచిపోయేది. నాలుగో మాటతో పని పడలేదు.

ఊ కొడుతున్నారా? కొట్టండి. ఇప్పుడు పని పడింది.

కొండ మీద జీలుగువలసలో గాసయ్య అని ఒక తాత ఉండేవాడు. మోకాళ్లు పట్టేసి అరుగు దిగి ఎరగడు. ఒకనాడు అసిరి కొలిచిన ఉప్పు ఒక పలుకు నాలిక మీద వేసుకుని అడిగాడు.

"నలబై ఏళ్ల బట్టి తింటన్నాను. ఇది పుట్టే సంద్రం ఎలాగుంటాదే అసిరీ?"

అసిరి నోరు తెరిచింది. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న సముద్రం. కళ్లలో ఉంది, నోట్లోకి రాదు.

"పెద్దది," అంది.

"పెద్దదంటే మా కొండా పెద్దదే," అని తాత ముఖం తిప్పుకున్నాడు.

అసిరికి తల కొట్టేసినట్టయింది. కొండ దిగుతున్నంతసేపూ ఒకటే ఏడుపు. చూసే కళ్లిచ్చిన దేవుడు చెప్పే మాట ఇవ్వలేదే అని. కిందికి దిగేసరికి ఏడుపు పోయి పౌరుషం వచ్చింది. గుప్పెట్లో ఉప్పు పట్టుకుని ఒట్టేసుకుంది. రోజుకో కొత్త మాట నేర్చుకుంటే గానీ ఆ రోజు ముద్ద ముట్టనని. దానికి సాక్షి గాడిద.

మన ఆడవాళ్ల సంగతి తెలిసిందే కదా. ఏం కొన్నా కొసరు అడగందే వదలరు. సోలెడు ఉప్పు పోయించుకుని ఇంకో చిటికెడు వెయ్యవే అంటారు. మర్నాటి నుంచి అసిరి ఆ చిటికెడూ వేసి, తనూ చెయ్యి చాపడం మొదలుపెట్టింది.

"ఉప్పు కొసరు నానిత్తాను, మాట కొసరు నువ్వియ్యి."

మొదట్లో పిచ్చిదనుకున్నారు. తర్వాత సరదా పడ్డారు. ఆ తర్వాత ఎదురుచూశారు. కుమ్మరి వీధిలో కుండ తిరిగే చక్రానికి 'సారె' అని చెప్పారు. సాలెల వీధిలో నూలు చుట్టే పుల్లకి 'కండె' అని చెప్పారు. చేపలు పట్టే పల్లెకారుల దగ్గరికి పోతే, సముద్రం మీదికొస్తే 'పోటు', వెనక్కి పోతే 'పాటు' అన్నారు. రెండిచ్చినా ఒకటే తీసుకుంది, రెండోది రేపటికి ఉంచమంది. దొరికిన మాటని దారి పొడుగునా గాడిద చెవిలో మూడుసార్లు చెప్పుకునేది. ఆ గాడిదకి వచ్చిన మాటలు కరణంగారికి కూడా రావని జనం నవ్వుకునేవారు. కరణంగారు మాత్రం నవ్వేవారు కాదు.

ఏడాది తిరిగింది. అసిరి జీలుగువలస ఎక్కి, గోనె దించకుండానే గాసయ్య తాత అరుగెక్కి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. పోటు ఎలా పొంగుతుందో చెప్పింది. పాటుకి తడి ఇసుక ఎలా మెరుస్తుందో చెప్పింది. కెరటం ఎలా లేచి, ఎలా విరిగి, నురగై కాళ్ల దాకా ఎలా పాకుతుందో చెప్పింది. తాత కళ్లు మూసుకుని విన్నాడు. వింటూ వింటూ కిందికి వేలాడుతున్న కాళ్లని రెండు చేతులతో పైకి లాక్కున్నాడు.

ఏమైంది తాతా అని అడిగారు పక్కవాళ్లు.

"తడిసిపోతన్నాయిరా," అన్నాడు.

ఆ రోజు అసిరి ఆనందం చూడాలి. గాడిదకి కూడా బెల్లంముక్క పెట్టింది.

అలా ఏళ్లకేళ్లు గడిచాయి. అసిరి జుట్టు నెరిసింది, మొదటి గాడిద పోయి మూడో గాడిద వచ్చింది. ఆవిడ ఊళ్లోకి వస్తోందంటే పిల్లలు ఎదురు పరిగెత్తేవారు, నా మాట తీసుకో అంటే నా మాట తీసుకో అని. ఎంత పెద్ద గోనెకైనా అడుగు ఉంటుంది కదా. ఒక వానాకాలం కొత్త మాట దొరకని తిప్పలు రానే వచ్చాయి.

మొదటి రోజు కుమ్మరి వీధిలో అడిగింది. ఏ మాట చెప్పినా ఎరుగుదునంది. రెండో రోజు సాలెల వీధిలో అడిగింది. అక్కడా అన్నీ ఎరిగినవే. ముద్ద ముట్టలేదు. మూడో రోజు వానలో తడుస్తూ, గాడిద మెడ పట్టుకుని జీలుగువలస ఎక్కి, గాసయ్య తాత ఒకప్పుడు కూర్చున్న అరుగు మీదే కూలబడిపోయింది.

ఊరు ఊరంతా మూగింది. తలా ఒక మాట తెచ్చారు. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, అడవిలో దుంపల పేర్లు. అసిరి కళ్లు మూసుకునే, ఎరుగుదును, ఎరుగుదును, ఎరుగుదును అంటోంది. ఒక్కోసారికీ గొంతు సన్నబడుతోంది. ముందు తిను, మాట రేపు చూసుకుందువు అని బతిమాలారు. వింటేనా!

"ఉప్పమ్ముకుని బతికినదాన్ని, ఉప్పు మీద ఒట్టు తప్పమంటారా?"

ఆ ఇంట్లో ఒక కోడలు ఉంది. పేరు కొమురవ్వ. మూడు ఏర్లు దాటి, పడమటి దేశం నుంచి వచ్చింది. ఎడ్ల బేరానికి పోయిన మొగుడు మనువాడి తెచ్చుకున్నాడు. కాపురానికి వచ్చిన రోజున ఇంట్లో చోళ్ల బుట్ట చూపించి, ఆ గింజల్ని తన పుట్టింటి వైపు పిలిచే పేరుతో అడిగింది. వాకిలంతా పకపకా నవ్వింది. ఆ పూట మూసిన నోరు మూడేళ్లయినా తెరవలేదు. ఊరు దానికి 'మూగది' అని పేరు పెట్టి ఊరుకుంది.

కొమురవ్వ తలుపు చాటు నుంచి ముసలిదాన్ని చూస్తోంది. తన దగ్గర మాట ఉంది. చెబితే మళ్లీ నవ్వుతారు. చెప్పకపోతే ఈ ముసలిది పోతుంది. చివరికి చిప్పలో అంబలి పోసుకుని, జనాన్ని తోసుకుంటూ వచ్చి అసిరి పక్కన కూర్చుంది.

"అవ్వా, గివి తైదలు. తైదల అంబలి చేసిన. తాగు."

మూగది మాట్లాడిందని జనం నోళ్లు వెళ్లబెట్టారు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. కొమురవ్వ తల దించేసుకుంది.

అసిరి కళ్లు తెరిచింది. "మళ్లీ అను," అంది.

"తైదలు."

"మళ్లీ."

"తైదలు."

"చోళ్లు ఎరుగుదును. దక్షిణాదోళ్లు రాగులంటారు, అదీ ఎరుగుదును. తైదలు ఎరగను! ఇన్నేళ్లూ తిన్న గింజకి ఇంకో పేరుందని ఎరగను!" అని, ముసలిది ఎక్కడలేని ఓపికా తెచ్చుకుని లేచి కూర్చుంది. కిసుక్కుమన్నవాడి వైపు చూసింది. "నవ్వినోడికి నా ఉప్పు నేదు," అంది.

అని, చిప్ప రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగేసింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

ఇక కొమురవ్వ! మూడేళ్ల మాటలు కట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి. ఏడుస్తూ నవ్వుతూ చెబుతూనే ఉంది. అసిరి దాని నోటి మీద చెయ్యి పెట్టి ఆపింది. ఈ రోజుకి ఒకటి చాలు, మిగతావి దాచి ఉంచమంది. ఆ తర్వాత అసిరి ఆ ఇల్లు వదలలేదు. పొద్దున్నే కొమురవ్వ ఒక మాట ఇచ్చేది, తర్వాత ముద్ద పెట్టేది. ఆఖరి రోజున కూడా మాట ముట్టింది, ముద్ద ముట్టింది, ఆ తర్వాతే అసిరి వెళ్లిపోయింది.

కొమురవ్వ అత్తగారైంది. తన ఇంటికి కోడలు వచ్చిన రోజున ఆ పిల్ల అరచేతిలో చిటికెడు ఉప్పు వేసి, తన చెయ్యి చాపింది. అప్పట్నుంచీ ఆ కొండ కింద, కొండ మీద కొత్తకోడలు వస్తే అదే పద్ధతి. "ఉప్పు కొసరు నానిత్తాను, మాట కొసరు నువ్వియ్యి," అంటుంది అత్త. కోడలు తన పుట్టింటి మాట ఒకటి చెప్పాలి. చెప్పేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఎవడైనా నవ్వాడో, వాడి కూడులో ఆ పూట ఉప్పు పడదు. బాగా మాట్లాడేవాణ్ణి చూస్తే, వీడు అసిరి గాడిద వెనకాల నడిచినవాడురా అంటారు.

కథ అయిపోయింది, లేవకండి. ఇంతసేపూ ఉప్పు నేను కొలిచాను. తలా ఒక మాట కొసరు పెట్టి, అప్పుడు అన్నాలకి పొండి.