తలుపు పెట్టెకి నక్క చెప్పిన మాట

పోలినాయుడి పెరట్లో కోళ్లకి ఈ ఏడాది గర్వం కాస్త ఎక్కువైంది. కారణం ఒక తలుపు. పట్నం నుంచి తెచ్చి గూటికి బిగించిన ఆ తలుపు మాట వింటుంది. లోపలి నుంచి ముక్కుతో తోస్తే తెరుచుకుంటుంది, వెనకాలే తనే మూసుకుంటుంది. బయటి నుంచి లోపలికి రావాలంటే మాత్రం పైనున్న నల్ల పెట్టెకి రహస్యపు మాట చెప్పాలి. పోలినాయుడింట్లో ఆయన మాట వినేది ఇదొక్కటేనని ఊళ్లో అనుకుంటున్నారు. నేననలేదు.

కొన్నప్పుడు ఆ మాట "స్వాగతం". ఆ దుకాణంలో అమ్మిన తలుపులన్నిటికీ అదే మాట. మార్చుకోండి, మార్చుకోండి అని పెట్టె రోజూ సాయంత్రం అడిగేది. గూటికి తనే పెద్దనని తనే నిర్ణయించుకున్న చుక్కమ్మ పది రోజులు విని, పదకొండో రోజు విసుగొచ్చి మార్చింది. తన ముద్దుల పిల్ల పేరు పెట్టింది, "పగడం" అని. ఆ పేరు ఆవిడ రోజుకి నలభైసార్లు పెరడంతా వినబడేలా పిలుస్తుంది. అయినా అది రహస్యమేనని ఆవిడ నమ్మకం.

గూటి మూలన బూడిదమ్మ పొదుగుతోంది. బూడిద రంగు పెట్ట, మాట తక్కువ, కోపం ఎక్కువ. పోయినేడు గూడు కారి ఆమె గుడ్లన్నీ మురిగిపోయాయి. ఈసారి పదకొండు గుడ్లు. పద్దెనిమిది రోజులయింది. ఇంకో మూడు రోజులు ఓపిక పడితే పిల్లలు. గుడ్లు చల్లారతాయని మేతకి కూడా సరిగ్గా లేవడం లేదు.

ఒక పొద్దున పోలినాయుడు కుక్క వీరడిని వెంటబెట్టుకుని కాలవ గట్టుకి వెళ్లాడు. వాళ్లు మలుపు తిరగ్గానే నక్క వచ్చి గూటి జాలీకి అవతల కూర్చుంది. దొంగచాటుగా కాదు, పెళ్లిచూపులకి వచ్చినట్టు తోక సర్దుకుని కూర్చుంది.

"నక్క," అన్నాయి బూడిదమ్మ కాక మిగతా ఆరు కోళ్లూ ఒకేసారి.

"నక్కనే వదినా. భయమెందుకు? మీరటు, నేనిటు, మధ్యన ఇనప జాలీ. పైగా నాకు కడుపులో పుండు. వైద్యుడు కోడి మానెయ్యమన్నాడు. కాకరకాయలు తిని బతుకుతున్నాను."

"మరెందుకొచ్చావు?" అంది చుక్కమ్మ.

"ఊసుపోక. గత జన్మలో ఎవరు ఏ పిట్టో చెప్పే విద్య నేర్చుకున్నాను. అయిదు చిన్న ప్రశ్నలు. ఊరికే చెబుతాను."

ఊరికే అనగానే చుక్కమ్మ జాలీ దగ్గరికి జరిగింది.

"ఒక్క షరతు," అంది నక్క. "రహస్యాలు నాకు చెప్పొద్దు. ఆ తలుపు మాటైతే అసలే వద్దు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుంటాను."

"చూశారా మా మరిది మర్యాద," అంది చుక్కమ్మ. మరిది అయి అప్పటికి నిమిషం కాలేదు.

నక్క అడిగింది. మొదటి గుడ్డు ఏ వారం పెట్టావు? ఏ మేతంటే ప్రాణం? పిల్లల్లో ముద్దుగా పిలుచుకునేది ఎవరిని? కళ్లంలోకి గింజలకి ఎప్పుడు వెళతారు? మీరు వెళ్లాక గూట్లో ఎవరుంటారు?

చుక్కమ్మ అన్నీ చెప్పింది. గురువారం, చెదపురుగులు, పగడం, బారెడు పొద్దెక్కాక, బూడిదమ్మ ఒక్కతే. "అది కదలదులే పాపం, పొదుగు మీదుంది. వీరడా? వాడు రోజూ ఆ వేళకి కాలవ దగ్గరే ఉంటాడు," అని అడగనిది కూడా కలిపింది.

నక్క కళ్లు మూసుకుని తెరిచింది. "నువ్వు నెమలివి వదినా."

తక్కిన అయిదు కోళ్లూ వరసగా చెప్పుకున్నాయి. ఆరూ నెమళ్లే అయ్యాయి. ఎవరికీ తన సంగతిలో అనుమానం రాలేదు. పక్కదాని సంగతిలోనే వచ్చింది.

సాయంత్రం బూడిదమ్మ మూలనుంచి తల ఎత్తింది. "అక్కా, నక్కకి ఏమేం చెప్పావు?"

"ఏముంది, కబుర్లు. తలుపు మాట చెప్పలేదు."

"పగడం పేరు చెప్పావు."

"అది పిల్ల పేరు."

"తలుపు మాట ఏమిటి?"

చుక్కమ్మ ఈకలు సవరించుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడే ముసలి ఎద్దు కొమ్మయ్య కుడితి తాగి వస్తూ గూటి దగ్గర ఆగాడు. "నేనూ విన్నాను," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు పశువుల సాలలో కదా ఉన్నావు మావయ్యా?"

"ఈ పెట్టెకి తోబుట్టువు ఒకటి నా తొట్టి మీద బిగించారు. ఇక్కడ గూట్లో అన్నా, బయట తలుపు దగ్గర అన్నా, అక్కడ వినబడుతుంది."

చుక్కమ్మ ఈకలు సవరించుకోవడం ఆపింది.

"ఎన్నాళ్లనుంచి?" అంది చుక్కమ్మ.

"తలుపు వచ్చినప్పటి నుంచి."

"అయితే నీ వాసన గురించి నేనన్నది..."

"మంగళవారం అన్నావు. బుధవారం మళ్లీ అన్నావు. బుధవారం కొంచెం వివరంగా."

"అక్కడిదాకా వినబడుతోందని ఒక్క మాట చెప్పకూడదా మావయ్యా?"

"ఎవరూ అడగలేదు."

చుక్కమ్మకి ఆ పూట గింజ దిగలేదు. బూడిదమ్మకి మాత్రం వాసన బెంగ లేదు, గుడ్ల బెంగే ఉంది. "తలుపు మాట ఇప్పుడే మార్చాలి. అందరూ కాసేపు బయటికి నడవండి. మావయ్యా, నువ్వు కూడా దూరంగా వెళ్లు. సాలలోకి మాత్రం వెళ్లకు."

"గూటికి పెద్దని నేను," అంది చుక్కమ్మ.

"అందుకే ముందు నువ్వు నడు."

"మరి మేమెలా లోపలికి రావడం?"

"ఈ పూటకి నేనే లోపలి నుంచి తలుపు తోస్తాను. రేపు వచ్చాక జాలీలోంచి ఒక్కొక్కరి చెవిలో చెబుతాను."

మాట మారింది. తర్వాత వీరడిని పిలిచారు. రేపు నక్క వస్తుంది, కాలవకి వెళ్లకు అని బూడిదమ్మ అడిగింది.

వీరడు ఆవలించాడు. "మీ గూట్లోంచి నక్క అనే కేక రోజుకెన్నిసార్లు వస్తుంది? ఆకు రాలితే నక్క. గాలి వీస్తే నక్క. నిన్న పోలినాయుడి తువ్వాలుని చూసి నక్కన్నారు. పరుగెత్తి పరుగెత్తి నా గోళ్లరిగిపోయాయి. ఇకమీదట తను నక్కనని నక్కే ఒప్పుకుంటే తప్ప లేవను."

"దాని నోటితో అదే అంటే లేస్తావా?"

"లేస్తాను. ఒట్టు."

"అయితే రేపు సాలలో, మావయ్య తొట్టి కింద పడుకో."

మర్నాడు పొద్దున వీరడు కుంటుతూ లేచాడు. పని తప్పించుకోవాలన్నప్పుడు కుంటడం వాడికి బాగా వచ్చు. పోలినాయుడు జాలిపడి ఒక్కడే కాలవకి వెళ్లాడు. బారెడు పొద్దెక్కాక కోళ్లు కళ్లంలోకి పోయాయి. గూట్లో బూడిదమ్మ, పదకొండు గుడ్లు మిగిలాయి.

నక్క నేరుగా తలుపు దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకుని, "పగడం," అంది.

"తప్పు. మళ్లీ చెప్పండి," అంది పెట్టె.

"పగడాలూ. పగడం తల్లీ. నా పగడం."

"తప్పు. మళ్లీ చెప్పండి."

సాలలో కొమ్మయ్య చెవి కదిపాడు. వీరడు ఒక కన్ను తెరిచి, "ఇది ఒప్పుకోవడం కాదు, ముద్దు చెయ్యడం," అని మళ్లీ మూశాడు.

నక్క జాలీ దగ్గరికి వచ్చింది. బూడిదమ్మ రెక్కలు దించి గుడ్లని కప్పుకుంది. లేచి పారిపోతే గుడ్లు పోతాయి. కూర్చుంటే తనూ పోవచ్చు. కూర్చునే ఉంది.

"బూడిదమ్మ వదినా, నిన్న నీ గత జన్మ చెప్పనేలేదు."

"నెమలినేగా."

"ఛ, హంసవి. ఇంత ఉక్కలో హంసని మూలన పడేసి పోయారా? కాస్త గాలాడేలా తలుపు తెరుద్దామంటే, మాట పని చెయ్యడం లేదు."

"నిన్నే మార్చారు," అంది బూడిదమ్మ విసురుగా. "నాకు గుక్కెడు నీళ్లయినా పెట్టకుండా షికారు పోయారు. నాకు ఒళ్లు మండిపోతోంది. కొత్త మాట చెబుతాను, తెరిచి ఆ నీళ్ల చిప్ప ఇటు తొయ్యి. తర్వాత నీ ఇష్టం."

"చెప్పు, చెప్పు."

"నేను నక్కని, గుడ్ల కోసం వచ్చాను."

నక్క తల పక్కకి వంచింది. "ఇదేం మాట?"

"లోకంలో ఏ నక్కయినా తలుపు ముందు నిలబడి ఈ మాట అంటుందా?"

"అనదు."

"అందుకే ఇది పెట్టారు."

నక్క ఆలోచించింది. ఎంత ఆలోచిస్తే అంత బాగుందనిపించింది. "చుక్కమ్మకి ఇంత తెలివుందనుకోలేదు."

"ఎవరూ అనుకోలేదు," అంది బూడిదమ్మ.

నక్క తలుపు దగ్గరికి వెళ్లి అటూ ఇటూ చూసి గుసగుసగా చెప్పింది.

"వినబడలేదు. గట్టిగా చెప్పండి," అంది పెట్టె.

కొంచెం గట్టిగా చెప్పింది.

"వినబడలేదు. గట్టిగా చెప్పండి."

నక్కకి చిరాకెత్తింది. ఛాతీ నిండా గాలి పీల్చి, "నేను నక్కని, గుడ్ల కోసం వచ్చాను," అని అరిచింది. అంత నిజం అది పుట్టాక ఎప్పుడూ చెప్పలేదు.

సాలలో తొట్టి మీది పెట్టె ఆ మాటని అక్షరం పోకుండా వినిపించింది.

"నీకే," అన్నాడు కొమ్మయ్య, నెమరు ఆపకుండా.

వీరడి కుంటు పోయింది.

"తప్పు. మళ్లీ చెప్పండి," అని పెట్టె అంటుండగా, తను ఎక్కడ తప్పు పలికిందో బూడిదమ్మని అడుగుదామని నక్క వెనక్కి తిరిగింది. వీరడు కనిపించాడు. అడగలేదు. కంచె దూకేటప్పుడు సగం తోక ఇవతలే ఉండిపోయింది.

మూడో రోజుకి పదకొండు గుడ్లలో పది పిల్లలయ్యాయి. పదకొండోది మర్నాడు తీరిగ్గా వచ్చింది. ఆ ఉపాయమంతా తనదేనని చుక్కమ్మ కళ్లంలో చెప్పుకుంటోంది. సాలలో కొమ్మయ్య వింటాడేమోనని గూట్లో మాత్రం చెప్పడం లేదు. అసలు తలుపు మాటేమిటని నేను బూడిదమ్మని నాలుగుసార్లు అడిగాను. నా మొహం చూసి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

నక్క ఇప్పుడు పక్క ఊళ్లో బాతులకి గత జన్మలు చెబుతోందట. సగం తోకేమయిందని అడిగితే, వైద్యుడు మానెయ్యమన్నాడంటోందట.

జాలీ అవతలి వాడు జాలీ దాటనక్కర్లేదు, మన కబుర్లు దాటితే చాలు.