ఊపిరమ్మ ముసుగు

"ముసుగు పెట్టుకుంటే తప్పేమిటమ్మా?" అని వకుళ అడిగింది.

మర్నాడు ఆమె ఏడో గుల్లకు ఊపిరమ్మ కాబోతోంది. ఊపిరమ్మ అంటే ఆ ఊరి ప్రధాన పూజారిణి. పాలక సంఘం పంపిన పెట్టె ఆమె ఒళ్లో ఉంది. ఎదురుగా గంట తాడు పక్కన పీట మీద కూర్చుని దగ్గుతున్న ముసలావిడ అప్పలనరసమ్మ. నలభై ఏళ్లుగా ఆ పదవిలో ఉన్నది ఆవిడే, వకుళకు గురువూ ఆవిడే.

ఏడో గుల్ల గాలి లేని ఒక చిన్న చంద్రుడి మీద, నేల కింద, గని కోసం కట్టిన ఊరు. పై అంతస్తులో సంఘం వాళ్లుంటారు, దిగువన గనివాళ్లు. వాడిన గాలిని యంత్రం శుద్ధి చేస్తుంది. రోజూ ఉదయం తూములు తీసి ఇళ్లకు వదులుతారు, ముందు దిగువకు, ఆ తర్వాత పైకి. ఎప్పుడైనా యంత్రం వికటిస్తే అదే తూముల్లోంచి విషం వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే పరికరాలు ఏనాడో పాడైపోయాయి. కొత్తవి తెచ్చే ఓడలు రావడం మానేశాయి. అందుకని పూర్వీకులు ఒక ఆచారం పెట్టారు. తూములు తీయకముందే ఊపిరమ్మ యంత్రం నోటి దగ్గర నిలబడి నూరు ఊపిరులు పీలుస్తుంది. నిలబడగలిగితే గంట కొడుతుంది. గంట మోగకపోతే ఎవరూ తూము తీయరు. అలా కూలిపోయిన తొమ్మిది మంది ఊపిరమ్మల పేర్లు గుడి గోడ మీద చెక్కి ఉన్నాయి.

"మీ దగ్గు చూస్తే నాకు భయమేస్తోంది" అంది వకుళ. "నేను ఎక్కువ కాలం బతికితే జనానికే మంచిదని సంఘం పెద్ద దామోదరంగారు అన్నారు."

"దామోదరానికి నా దగ్గంటే పడదులే. సంఘంలో ఆయన మాట్లాడుతుంటే సగం మాటలు దీంట్లోనే పోతాయి" అంది అప్పలనరసమ్మ. "పెట్టె తియ్యి. ఎడమ చెంప దగ్గర చేప బొమ్మ ఏమైనా కనిపిస్తోందా?"

వకుళ వెండి ముసుగు బయటికి తీసి చూసింది. చిటికెన వేలి గోరంత చేప బొమ్మ, సగం కరిగి, వెండిలో అతుక్కుని ఉంది.

"నా మెట్టె అది" అంది ముసలావిడ. తర్వాత యాభై ఏళ్ల పైచిలుకు కిందటి సంగతి చెప్పింది.

అప్పుడు రాజ్యలక్ష్మి అనే ఆవిడ ఊపిరమ్మ. ఏ ఇంట్లో జ్వరమొచ్చినా దిగువకు దిగి వచ్చేది. పిల్లలకు ఆవిడంటే ప్రాణం. ఈ తల్లి కూడా ఒక రోజు ఆ యంత్రం ముందు కూలిపోతుందా అని జనం కుమిలిపోయారు. గుల్ల మొత్తం వెతికితే విషాన్ని ఆపే జల్లెడ ఒక్క ముసుగుకు సరిపడా దొరికింది. దిగువ ఆడవాళ్లు తమ మెట్టెలు తీసి ఇచ్చారు. ముసుగు తయారైంది. ఆవిడ వద్దంది. వాళ్లు కాళ్లు పట్టుకున్నారు. వాళ్లను మూర్ఖులనకండి. ప్రేమతో చేశారు. ప్రేమతో చేసిన తప్పును తప్పని చెప్పే మనిషి ఏ ఊళ్లోనూ దొరకడు, అక్కడా దొరకలేదు.

పన్నెండేళ్లు గంట ఒక్కరోజూ ఆగలేదు. గోడ మీద కొత్త పేరు పడలేదు. దైవం చల్లగా చూస్తోందని పండుగలు చేశారు. దిగువన తలనొప్పులు ఎక్కువయ్యాయి. వాటికి తాయెత్తులు కట్టారు. ఊళ్లో తొలి ఊపిరి పీలుస్తున్నది ఇప్పుడు ఊపిరమ్మ కాదు, తామేనని దిగువ వాళ్లకు తట్టలేదు. పైవాళ్లలో కొందరికి తట్టింది. వాళ్లు నోరెత్తలేదు.

ఒక ఉదయం నూరు ఊపిరులయ్యాయి, గంట మోగింది, దిగువ తూములు తీశారు. గనిలోకి పోయినవాళ్లు పోగా ఇళ్లల్లో ఉన్నది పిల్లలూ ముసలివాళ్లూ. అరవై మంది పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు. కేకలు విని పై తూములు తీయడం ఆపారు.

అప్పలనరసమ్మ అప్పట్లో గొట్టాలు కడిగే పనిమనిషి. ఆ పూట పని పై అంతస్తులో పడింది కాబట్టి బతికింది. దిగువకు పరుగెత్తి, ఆరేళ్ల కూతురిని భుజాన వేసుకుని గుడికి వచ్చింది. రాజ్యలక్ష్మి అప్పుడే ముసుగు తీసి ముఖం తుడుచుకుంటోంది.

"నేను తిట్టలేదు" అంది అప్పలనరసమ్మ. "నాకు నిజంగానే అర్థం కాలేదు. ఒక్క మాట అడిగాను. 'తల్లీ, ఇంకా నువ్వెలా బతికున్నావు?' అని."

రాజ్యలక్ష్మి పిల్లను తన చేతుల్లోకి తీసుకుని తనే కడసారి స్నానం చేయించింది. మర్నాటి నుంచి ముసుగు ముట్టుకోలేదు, దిగువ తూము పక్కనే చాప వేసుకుని పడుకుంది. రెండేళ్లకు అక్కడే పోయింది. ఆ మర్నాడు యంత్రం ముందు నిలబడే మనిషి కోసం సంఘం పిలిస్తే, పై అంతస్తు నుంచి ఎవరూ రాలేదు.

వకుళ ముసుగును చాలాసేపు చేతుల్లో తిప్పింది. ఆమెకు ఇరవై మూడేళ్లు. ఆమె తల్లీ ఇద్దరు తమ్ముళ్లూ ఉండేది దిగువనే.

"పెట్టుకోమంటారా, వద్దంటారా? ఏదో ఒకటి చెప్పండమ్మా" అంది.

అప్పలనరసమ్మ దగ్గు తగ్గేదాకా ఆగింది. తర్వాత పీట ఎక్కి, గంట తాడును కింద నిలబడితే అందనంత ఎత్తున ఉన్న కొక్కేనికి చుట్టింది.

"పెట్టుకో తల్లీ, చల్లగా బతుకు. గంట మాత్రం కొట్టకు."