మంగతాయి దరఖాస్తు

కొండ మీద అడవి విద్యాపీఠం, కొండ కింద మంగతాయి అనే గేదె. నడిచి వెళితే అరగంట దారి. వెబ్‌సైటు మీదుగా వెళ్లబోయేసరికి ఆమెకి పదకొండు రోజులు పట్టింది.

ఆ ఏడు విద్యాపీఠం వాళ్లు కొత్తగా ఆకువైద్యం చదువు పెట్టారు. కొండ కింది జంతువులకి ఒక్కటే సీటు. మంగతాయికి ఆ సీటు కావాలి. కిందటి వేసవిలో ఆమె చెల్లెలు పొట్ట ఉబ్బి, రెండు రోజులు పొర్లి పొర్లి చచ్చిపోయింది. చుట్టూ అడవి నిండా ఆకులే. ఏది పెట్టాలో ఒక్కరికీ తెలియలేదు. ఆ దుఃఖం మంగతాయిని వదల్లేదు. ఈ వయసులో గేదెకి చదువేమిటని ఎవరో అనక్కర్లేకుండా ఆమే రోజుకి నాలుగుసార్లు అనుకునేది. అనుకుంటూనే నక్క జోగినాథం దుకాణానికి బయల్దేరింది.

దరఖాస్తులు నింపిపెట్టడం జోగినాథం వ్యాపారం. గుహ ముందు బల్ల, బల్ల మీద కంప్యూటరు, నోటినిండా మర్యాద. జాతి దగ్గర నొక్కితే పులి ఉంది, ఏనుగు ఉంది, ఆఖరికి తొండ కూడా ఉంది. గేదె లేదు. పోనీ ‘ఇతరములు’ అని పెట్టారు. ఫోటో పెడితే కొమ్ములు చట్రం దాటాయని సైటు తిప్పికొట్టింది. కొమ్ములు పట్టేట్టు దూరం నుంచి తీస్తే ముఖం కనపడటం లేదంది. మూడోసారి ఏమీ అనకుండా మొదటి పేజీకి తీసుకుపోయింది.

మంగతాయి ముఖం చిన్నబోవడం జోగినాథం చూశాడు.

“ఆ సీటు పైవాళ్లలో ఎవరికో ఎప్పుడో ఖాయమైపోయి ఉంటుంది అక్కా, ఇదంతా పేరుకే,” అన్నాడు. “అయినా నీ ముచ్చట కాదనను. ఈ తంటాలు నేను పడతా. చివర్లో కాలిముద్ర కూడా నాదే వేసేస్తా. నువ్వెళ్లి పడుకో.”

“ముద్ర నాది ఉండాలేమో కదా తమ్ముడూ?”

“దానికి కావలసింది ఏదో ఒక ముద్ర. కుందేలు వెంకాయమ్మకీ నేనే వేశా, మేకకీ నేనే వేశా. బురద కాళ్లు కడుక్కుని మళ్లీ రావడం ఎందుకని వాళ్లే అన్నారు.”

అలా అప్పటికే ఆరుగురికి వేశాడు. విద్యాపీఠం నుంచి ఏ కబురొచ్చినా ముద్ర వేసిన కాలు ఆనిస్తేనే తెరుచుకుంటుంది. ఇంటర్వ్యూ పిలుపులన్నీ తన పంజా కిందే ఉంటే, కొండెక్కేది తనొక్కడే. ఆ సీటు అతనికీ కావాలి మరి. వైద్యుడైతే జబ్బుపడ్డ కుందేలు తనంతట తానే నడిచొస్తుంది, వెంటపడి పరిగెత్తే పని ఉండదు.

ఇదంతా మంగతాయికి తెలియదు. తన బురద గిట్ట చూసుకుని ఆమెకి సిగ్గేసింది, అంతే. కడుక్కొస్తానని చెప్పి వాగు దగ్గరికి వెళ్లింది. వాగొడ్డున విద్యాపీఠం వాళ్లే పెట్టించిన కంప్యూటరొకటి ఉంది. ఎండ పడితే అందులో ఏమీ కనపడదని ఎవరూ దాని మొహం చూడరు. మంగతాయి గిట్ట కడుక్కుని, తన ఒంటినే నీడగా అడ్డం పెట్టి, తనే మొదలుపెట్టింది.

ఫోటోకి తల పక్కకి వాల్చి కూర్చుంటే రెండు కొమ్ములూ చట్రంలో పట్టాయి. అది తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ‘ఈ చదువు ఎందుకు కోరుకుంటున్నారు’ అన్న ప్రశ్నకి పేజీ నిండా రాసింది. సమయం మించిపోయిందని సైటు మొత్తం తుడిచేసింది. మళ్లీ అరపేజీ రాసింది, అదీ పోయింది. నాలుగు ముక్కలు రాసింది, అవీ పోయాయి. మంగతాయికి ఏడుపొచ్చింది. జోగినాథం మాటే నిజమేమో, తనలాంటి వాళ్లు రాకూడదనే దీన్ని ఇలా కట్టారేమో అనిపించింది. కాసేపు నెమరు వేసుకుంటూ కూర్చుంది. తర్వాత ఒకే వాక్యం రాసి, గిట్ట ఆనించింది. దరఖాస్తు అందినదని తెర మీద పడింది.

జోగినాథం ఆఖరి రోజు సాయంత్రం దర్జాగా తన దరఖాస్తు పెట్టుకున్నాడు. రెండు రోజులకి ఇద్దరికీ పిలుపులొచ్చాయి. మంగతాయి కొండెక్కేసరికి వరసలో ముందు అతనే ఉన్నాడు. గుమాస్తా కొంగమ్మ అతన్ని కాలు ఆనించమని, తెర వైపు చాలాసేపు చూసింది.

“ఈ కాలి మీద ఏడు దరఖాస్తులున్నాయండీ. ఒక కాలికి ఒకటే చెల్లుతుంది, అదీ మొదట అందినదే. ఇది కుందేలు వెంకాయమ్మ పేరున ఉంది. తమరేనా?”

జోగినాథం వెనక్కి చూశాడు. వెనక మంగతాయి ఒక్కతే ఉంది. సీటు చేతిదాకా వచ్చింది.

“నేనేనండీ,” అన్నాడు మెల్లగా.

కొంగమ్మ అతని చెవులు చూసింది, తోక చూసింది. చూసి, ఇకపై ఈ కాలు ఆనితే గేటు తీయవద్దని రాసుకుంది. ముద్ర లేకుండా పోయిన ఆరుగురికీ సొంత ముద్రలు వేసుకోవడానికి వారం గడువిస్తూ కబురు పెట్టింది. జోగినాథం ఎవరి వంకా చూడకుండా కొండ దిగిపోయాడు.

మంగతాయి వంతు వచ్చింది. కొంగమ్మ కాగితం తీసి పైకి చదివింది: “మా చెల్లి చచ్చిపోతుంటే ఏ ఆకు పెట్టాలో మాకు తెలియలేదు.” ఇంకేమైనా చెప్పుకుంటారా అని అడిగింది.

“ఇంకా చాలా రాశానండీ. మీ సైటు మింగేసింది,” అంది మంగతాయి.

కొంగమ్మ తల దించుకుంది. ఆ సైటుని తిట్టుకోని వాళ్లు ఆ ఆఫీసులోనూ లేరు. వారం తర్వాత ఆరుగురూ సొంత కాళ్లతో కొండెక్కి పోటీపడ్డారు. సీటు మాత్రం మంగతాయికే వచ్చింది.

నీతి: మన దారిలో ఇంకొకరి కాలు పెట్టనిస్తే, చేరేది వాళ్లే తప్ప మనం కాదు.